సీరియల్లో మగవాడు నోరెందుకు విప్పడు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో డిగ్రీ పిల్లలకు మీడియా పాఠాలు చెబుతాను. టీవీ సీరియళ్ళలో మగవాళ్ళను ఎలా చూపిస్తున్నారు, మగతనం గురించి పండితులు ఏమన్నారు అన్నది అందులో చిన్న భాగం. ప్రశ్నలు మాత్రం దాని మీదే ఎక్కువ వస్తాయి. క్లాసులో పిల్లలు అడుగుతారు, ఫీజు కట్టడానికి వచ్చిన తల్లులు అడుగుతారు, ఒకసారి గాజువాక బస్సులో పక్క సీటాయన అడిగారు. మళ్ళీ మళ్ళీ వచ్చిన వాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

సీరియళ్ళ మీద కూడా చదువుకోవడానికి ఏముందండీ?

చాలా ఉంది. మా ఇంటి సంగతితోనే మొదలుపెడతాను. మా నాన్న షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. సింధియా దగ్గర రెండు గదుల ఇల్లు మాది. రాత్రి భోజనాలయ్యాక అమ్మ సీరియల్ పెట్టుకునేది. నాన్న అదే గదిలో పేపరు విప్పుకుని కూర్చునేవారు. "ఆడవాళ్ళ ఏడుపులు" అని విసుక్కునేవారు. కానీ అమ్మ ఏదైనా పాత్ర పేరు మరిచిపోతే పేపరు వెనకనుంచి ఆ పేరు వినబడేది. పొద్దున్నే చదివేసిన పేపరు రాత్రి మళ్ళీ ఎందుకు చదువుతున్నారని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

చాలా ఏళ్ళ తర్వాత జాన్ ఎల్లిస్ అనే బ్రిటిష్ పండితుడు 1982లో రాసిన పుస్తకం చదివాను. సినిమాహాల్లో మనం కళ్ళప్పగించి చూస్తాం, ఇంట్లో టీవీని ఓరకంట చూస్తాం, అందుకే టీవీ శబ్దంతో మనల్ని పట్టుకుంటుంది అని ఆయన వాదన. నాన్న పేపరు సంగతి నాకప్పుడు అర్థమైంది. మగవాడు సీరియల్ చూడకూడదనే నియమం, సీరియల్లో మగవాడు ఎలా ఉండాలనే నియమం రెండూ ఒక ఇంటివే. వాటి గురించి చదవకుండా ఎలా ఉంటాం?

మగతనం పుట్టుకతో వచ్చేదే కదా, దానికి సిద్ధాంతాలెందుకు?

శరీరం పుట్టుకతో వస్తుంది. మిగతాది రోజూ నేర్పుతారు. మెట్ల మీద పడి మోకాలు చీరుకుపోయిన ఐదేళ్ళ పిల్లాణ్ణి "ఏటిరా గుంటడా, ఆడపిల్లలా ఏడుస్తావు" అంటాం. కాస్త పెద్దవాడై గొడవకు వెళ్ళకపోతే "గాజులు తొడుక్కుని కూర్చో" అంటాం. ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదని సామెతే ఉంది. సహజంగా వచ్చేదైతే ఇన్నిసార్లు గుర్తుచేయాల్సిన అవసరం ఉండేది కాదు.

స్త్రీ పుట్టదు, తయారవుతుంది అనే ఆలోచనను ఫ్రెంచి రచయిత్రి సిమోన్ ద బోవా 1949లో గట్టిగా ముందుపెట్టింది. తర్వాతివాళ్ళు అదే ప్రశ్న మగవాళ్ళ గురించీ వేశారు. అమెరికా తత్వవేత్త జుడిత్ బట్లర్ 1990లో ఇంకో అడుగు ముందుకు వేసి, జెండర్ అనేది, అంటే ఆడతనం, మగతనం, మనం మళ్ళీ మళ్ళీ చేసే పనులతోనే నిలబడుతుందని, ఆ చేతల వెనక వేరే అసలు రూపమేదీ దాక్కుని లేదని వాదించింది. చదవడానికి కష్టమైన పుస్తకం. కానీ డైలీ సీరియల్ చూసేవాళ్ళకు ఈ మాట వెంటనే బోధపడుతుంది. సోమవారం నుంచి శనివారం దాకా అదే మనిషి, అదే గుమ్మం, అదే బిగించిన దవడ. అన్ని వందల సార్లు చూశాక మగవాడంటే అలాగే ఉంటాడని అనిపించడంలో వింతేమీ లేదు.

'ఆధిపత్య పురుషత్వం' అంటే సులువుగా చెప్పండి మేడమ్. పరీక్షలో వస్తుంది.

ఈ మాట ఆస్ట్రేలియా సామాజికవేత్త రేవిన్ కానెల్ పేరుతో ప్రసిద్ధం. ఆమె 1980లలో మొదలుపెట్టి 1995లో వచ్చిన 'మస్కులినిటీస్' పుస్తకంలో విస్తరించింది. సారం ఇది: ఏ సమాజంలోనైనా మగతనం ఒక్కటే ఉండదు, చాలా రకాలు ఉంటాయి. వాటిలో ఒకటి పీటేసుకుని పైన కూర్చుంటుంది. కొన్నిటిని కింద అణిచి ఉంచుతారు, కొన్నిటిని కులం, వర్గం, జాతి కారణంగా పక్కకు నెట్టేస్తారు. ఎక్కువమంది మగవాళ్ళు పైనున్న దానికి వంతపాడతారు. వాళ్ళు ఆ ఆదర్శంలా బతకలేరు, కానీ దానివల్ల వచ్చే లాభంలో వాటా మాత్రం అందుతుంది. కానెల్ దాన్ని పితృస్వామ్య డివిడెండ్ అంటుంది. పరీక్షకు ఈ నాలుగూ రాయండి: ఆధిపత్యం, అణచివేత, వంతపాట, వెలి.

ఆ ఆదర్శాన్ని అందుకోవడం ఎంత కష్టమో సామాజికవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లోనే చెప్పాడు. అమెరికాలో ఏ విషయంలోనూ సిగ్గుపడనక్కర్లేని మగవాడు ఒక్కడే ఉన్నాడంటూ జాబితా ఇచ్చాడు: వయసులో ఉండాలి, పెళ్ళయి ఉండాలి, తెల్లవాడై ఉండాలి, నగరవాసి, ప్రొటెస్టెంటు, తండ్రి, చదువుకున్నవాడు, పూర్తి ఉద్యోగం, మంచి రంగు, ఎత్తు, బరువు, ఆటల్లో పేరు. ఇలాగే మన సీరియల్ జాబితా రాయమని పిల్లలకు చెబుతాను. ప్రతి ఏడాదీ దాదాపు ఒకే జాబితా వస్తుంది: ఉమ్మడి కుటుంబం, పెద్ద బంగళా, తాతగారి కంపెనీ, తెల్లటి ఒళ్ళు, కోపం, తల్లంటే ప్రాణం. మా క్లాసులో కూర్చున్న అబ్బాయిల్లో ఎంతమందికి ఇందులో సగమైనా వర్తిస్తుంది? వాళ్ళలో ఒకడు పెదజాలరిపేట నుంచి వస్తాడు. వాళ్ళ ఇంట్లో మగవాళ్ళు సముద్రం మీదికి వెళితే, హార్బరులో బేరం చేసి అమ్మి డబ్బు లెక్క చూసేది ఆడవాళ్ళు. "మా నాన్న జీతం కవరులా డబ్బంతా అమ్మకిచ్చేస్తాడు, అది మాకు మామూలే" అన్నాడు. ఆ మగతనం ఏ సీరియల్లోనూ నాకు కనబడలేదు. కానెల్, ఆమెతో కలిసి రాసిన మెసర్‌ష్మిట్ ఇద్దరూ 2005లో తమ వాదాన్ని సవరించుకుంటూ స్థానికంగా చూడాలన్నది ఇలాంటి వాటి కోసమే.

మన సీరియల్ హీరోకి భార్య మీద అనుమానం వస్తే నేరుగా అడగొచ్చు కదా? ఎందుకు అడగడు?

నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. తెలుగు సీరియల్లో మగతనం కండల్లో లేదు, మీసంలో లేదు, అడగకపోవడంలో ఉంది అని నేను నమ్ముతున్నాను.

'కార్తీకదీపం' తీసుకోండి. స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా వచ్చింది. ప్రేమి విశ్వనాథ్ వంటలక్కగా, నిరుపమ్ పరిటాల డాక్టర్ బాబుగా ఇంటింటికీ తెలిసిపోయారు. తనకు పిల్లలు పుట్టే అవకాశం లేదని నమ్మిన భర్త, గర్భవతి అయిన భార్యను అనుమానించడం దాని మూలకథ. అతను డాక్టరు. పరీక్ష మళ్ళీ చేయించుకోవడం ఎలాగో తెలిసినవాడు. ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే విషయం మీద ఇల్లు ఏళ్ళ తరబడి విరిగిపోయి ఉంది. మా అమ్మ రోజూ "అడగరా బాబూ, అడుగు" అనేది. అతను అడిగేవాడు కాదు.

దీనికి రెండు కారణాలు చెబుతాను. ఒకటి వ్యాపారం. వారానికి ఐదారు రోజులు ఎపిసోడ్ నింపాలి. ముగింపు ఎప్పుడో ఎవరికీ తెలియదు, రేటింగులు బాగుంటే కథ సాగుతూనే ఉండాలి. ఒక మాట పలికించి ఆ తర్వాత గదిలో ఉన్న ఎనిమిది ముఖాలను ఒక్కొక్కటే చూపిస్తే కొన్ని నిమిషాలు గడిచిపోతాయి. మౌనం చవక. మాట్లాడే మగవాడు కథను ముగించేస్తాడు, మాట్లాడనివాడు దాన్ని పోషిస్తాడు.

రెండో కారణం మనదే. ఆ మౌనం మనకు నమ్మశక్యంగా ఉంది. అడిగితే తనకు బాధ కలిగిందని ఒప్పుకున్నట్టు. జవాబు వినాల్సి వస్తుంది, తప్పు తనదే అయితే ఒప్పుకోవాలి. ఇవేవీ మగవాడి పనులు కావని అతనికి చిన్నప్పుడే నేర్పాం. అందుకే అనుమానాన్ని కోపంగా మార్చి గుమ్మం దాటి వెళ్ళిపోతే, చూసేవాళ్ళు అతన్ని పిరికివాడు అనుకోరు. "పాపం, లోపల ఎంత కుమిలిపోతున్నాడో" అంటారు. అతని మౌనాన్ని అర్థం చేసుకునే పని భార్య మీద, తల్లి మీద, మన మీద పడుతుంది. పక్కింట్లో అలాంటి భర్త ఉంటే ఆ కుమిలిపోవడానికి ఇంత విలువ ఇస్తామా అన్నది నేను పిల్లల్ని అడిగే ప్రశ్న.

మన ఉత్తరాంధ్రలోనే దీనికి పూర్తిగా ఎదురు మనిషి ఉన్నాడు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో గిరీశం. అతనిదంతా మాటే. మాటతో అప్పు పుట్టిస్తాడు, ప్రేమిస్తాడు, తప్పించుకుంటాడు. మోసగాడే, కాని లోపల ఉన్నది బయటపెట్టకుండా గుమ్మంలో నిలబడే మనిషి మాత్రం కాదు. నూరేళ్ళలో మన నాటకం నోరున్న మగవాడి నుంచి నోరు లేని మగవాడి దాకా వచ్చింది. నాకిది చిన్న మార్పుగా అనిపించదు.

అంటే అందరూ అంతేనా? మంచి మగ పాత్రలే లేవా?

ఉన్నాయి. జెమినీ టీవీలో 2008లో మొదలైన 'మొగలిరేకులు'లో ఆర్.కె. నాయుడు పోలీసు. సాగర్ వేసిన ఆ పాత్ర గంభీరంగా ఉంటుంది, కానీ అందులో న్యాయం కోసం నిలబడే నిబ్బరం కూడా ఉంది. అబ్బాయిలు అతనిలా చొక్కా చేతులు మడిచిన రోజులు నాకు గుర్తు.

నాకు మరీ ఇష్టమైనది 'అమృతం'. 2001 నుంచి 2007 దాకా వచ్చింది. అమృతం, అంజి ఇద్దరూ వ్యాపారంలో ఓడిపోతూనే ఉంటారు, భార్యలకు భయపడతారు, ఇంటి ఓనరుకు దొరక్కుండా తిరుగుతారు, మళ్ళీ కొత్త పథకం వేస్తారు. అమృతం పాత్రను శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు వేర్వేరు సమయాల్లో వేశారు. అయినా జనం ఒప్పుకున్నారు. ఎందుకంటే ఆ మనిషి ఎవరి ఇంట్లోనైనా ఉండే మనిషి. ఓడిపోయి కూడా మగవాడుగా మిగలవచ్చని చెప్పిన తెలుగు టీవీ కార్యక్రమం అది. అయితే మనవాళ్ళు దాన్ని కామెడీగానే ఒప్పుకున్నారు. అదే ఓటమిని రాత్రి ఏడు గంటలకు వచ్చే సీరియల్లో గంభీరంగా చూపించి ఉంటే చూసేవారా? నాకు అనుమానమే.

సీరియల్ హీరో ఆఫీసుకు వెళ్తాడు గానీ పని చేస్తున్నట్టు కనబడడు. ఇందులో ఏమైనా అర్థం ఉందా?

ఉంది. ఉద్యోగం పురుష లక్షణం అన్నారు పెద్దలు. సీరియల్ ఆ లక్షణాన్ని కోటులా తొడుగుతుంది. ఫైలు మీద సంతకం, అద్దాల క్యాబిను, "మీటింగ్ క్యాన్సిల్ చేయండి". షిఫ్టు లేదు, చెమట లేదు, జీతం ఆలస్యం లేదు. మన ఊళ్ళో అలా ఎవరు బతుకుతున్నారు? రాత్రి పనిచేసే సి షిఫ్టు దిగి పొద్దున్నే నిద్రపోయే ఉక్కు కార్మికుడి ఇంట్లో పిల్లలు పగలంతా గుసగుసగా మాట్లాడుకుంటారు. 2021 జనవరి 27న స్టీల్‌ప్లాంటు వాటాలు వంద శాతం అమ్మడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుందని తెలిసినప్పుడు, ఈ ఊళ్ళో వేల ఇళ్ళలో మగవాళ్ళకు వచ్చిన టెన్షన్ డబ్బు గురించే కాదు. 'ప్లాంటులో పనిచేస్తాను' అన్న మాట వాళ్ళ పేరులో సగం. నిరుద్యోగం మగవాళ్ళ మనసును ఎలా తాకుతుందో చెప్పాలంటే సీరియల్ రచయితలు ఉక్కునగరం బస్టాపులో ఒక గంట నిలబడితే చాలు.

ఇల్లరికం అల్లుడి సంగతీ ఇక్కడే చెప్పాలి. అతన్ని మన కథలు ఎప్పుడూ వెక్కిరిస్తూనే ఉన్నాయి. తిండి పెట్టేది మామగారైతే అతని మాటకు బరువు లేదన్నమాట. కోడలు అత్తారింట్లో జీవితాంతం ఉండటం సహజం, అల్లుడు ఉంటే హాస్యం. ఈ ఒక్క తేడా మీద మంచి ప్రాజెక్టు చేయొచ్చు.

ఈ హీరోలంతా అమ్మ మాట దాటరెందుకు?

1978లో రెండు పుస్తకాలు వచ్చాయి. అమెరికాలో నాన్సీ చోడొరో, మగపిల్లాడు తల్లి నుంచి విడివడటం ద్వారా తాను మగవాడినని తెలుసుకుంటాడని రాసింది. మన దేశంలో సుధీర్ కాకర్, భారతీయ మగవాడి లోలోపలి ప్రపంచంలో తల్లి ఎంత గాఢంగా, ఎంతకాలం ఉంటుందో రాశారు. ఇద్దరివీ మనోవిశ్లేషణ దారులే. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే సీరియల్ భర్త అర్థమవుతాడు. అతను విడివడలేదు. పెళ్ళయ్యాక కూడా తల్లి కళ్ళలో మంచి కొడుకుగా ఉండటమే అతని మగతనానికి రుజువు. భార్య పక్షం మాట్లాడితే "కొంగు పట్టుకు తిరుగుతున్నాడు" అంటారు, తల్లి పక్షం మాట్లాడితే ఎవరూ ఏమీ అనరు.

ఇంగ్లీషు సిరీస్‌లలో మగవాళ్ళు నయమా?

నయం అనను. వాళ్ళ మౌనం గురించి వాళ్ళ రచయితలు ప్రశ్న వేశారు, అదొక్కటే తేడా. 1999లో మొదలైన 'ది సొప్రానోస్' ఒక మాఫియా నాయకుడు సైకియాట్రిస్టు గది బయట ఎదురుచూడటంతో మొదలవుతుంది. స్పృహ తప్పి పడిపోవడం వల్ల వచ్చాడు. పాతకాలపు గట్టి మౌన వీరులు ఏమైపోయారని ఆ మనిషి డాక్టరు దగ్గరే వాపోతాడు, అదీ వారం వారం మాట్లాడుతూ! 'బ్రేకింగ్ బ్యాడ్' 2008 నుంచి 2013 దాకా వచ్చింది. అందులో కెమిస్ట్రీ మాస్టారికి క్యాన్సర్ వస్తుంది. పాత మిత్రులు చికిత్సకు డబ్బిస్తామంటే తీసుకోడు, మత్తుమందు వండుతాడు. కుటుంబం కోసం అంటూ కుటుంబాన్నే నాశనం చేస్తాడు. ఉద్యోగం పురుష లక్షణం అన్న మన సామెత అతనికీ తగులుతుంది. మన దగ్గర అదే అహంకారాన్ని త్యాగం అని పిలుస్తున్నాం.

'మేల్ గేజ్' అంటారే, అది సీరియళ్ళకు వర్తిస్తుందా?

కొంతవరకే. సినిమా పండితురాలు లారా మల్వీ 1975లో సినిమా కెమెరా ఆడదాన్ని మగవాడి చూపుతో చూస్తుందని చెప్పింది. 1983లో స్టీవ్ నీల్ మగ శరీరాన్ని కూడా తెర ప్రదర్శిస్తుందని, కాకపోతే పోరాటం మధ్యలో పెట్టి ఆ సంగతి కప్పిపుచ్చుతుందని అన్నాడు. సీరియల్ ప్రేక్షకుల్లో ఆడవాళ్ళు ఎక్కువ. కారు తలుపు తెరుచుకోవడం, ముందు బూటు, తర్వాత స్లోమోషన్‌లో ముఖం, ఇదంతా వాళ్ళ కోసమే. పోరాటం ఉండదు, నడక చాలు.

మన మగవాళ్ళు ఇలా గంభీరంగా మారింది బ్రిటిష్ వాళ్ళ వల్లనా?

పూర్తిగా అనలేం, కానీ పాత్ర ఉంది. ఆశిష్ నంది 1983లో, మృణాళిని సిన్హా 1995లో ఈ విషయం రాశారు. వలస పాలకులు తమను మగసిరి గలవాళ్ళుగా, మనవాళ్ళను, ముఖ్యంగా చదువుకున్న బెంగాలీలను ఆడంగివాళ్ళుగా చిత్రించారు. దానికి జవాబుగా మనవాళ్ళూ కండలు, కఠినత్వం నెత్తికెత్తుకున్నారు. అంతకుముందు మన దేవుళ్ళలో, రాజుల్లో లాలిత్యం తప్పు కాదు. 1987లో దూరదర్శన్ 'రామాయణ్' మొదలైనప్పుడు కూడా అరుణ్ గోవిల్ రాముడు చిరునవ్వుతో, మెత్తగా మాట్లాడేవాడు. హిందీ రాకపోయినా ఆదివారం పొద్దున మా వీధంతా ఒకే టీవీ ముందు కూర్చుంది. ఇప్పుడు పోస్టర్లలో కనబడే కోపం, కండలు ఆ రాముడికి లేవు.

ఆడవాళ్ళే తీస్తే, ఆడవాళ్ళే చూస్తే మగ పాత్రలు మారాలి కదా?

మారతాయి, నెమ్మదిగా. 'మొగలిరేకులు' తీసింది మంజులా నాయుడు. 'ఇంటింటి గృహలక్ష్మి' 2020లో మొదలైంది, ఒక బెంగాలీ సీరియల్‌కు రీమేక్. ఇంకొకరితో సంబంధం పెట్టుకున్న భర్తను వదిలి తులసి తన కాళ్ళ మీద నిలబడుతుంది. భార్య మారిపోయింది, భర్త మాత్రం చాలాకాలం మారలేదు. రచయితలు ఆడవాళ్ళకు కొత్త దారులు వేయడం నేర్చుకున్నారు, మగవాళ్ళకు ఇంకా వేయలేదు.

ఇవన్నీ చూసి మా అబ్బాయి చెడిపోతాడా?

చూసిందల్లా మనిషి మింగేయడు. బ్రిటన్‌లో మీడియా మీద పరిశోధన చేసిన స్టువర్ట్ హాల్ 1973లో చెప్పినట్టు, ఒక కార్యక్రమాన్ని జనం ఒప్పుకుంటూ చూడొచ్చు, బేరమాడుతూ చూడొచ్చు, ఎదిరిస్తూ చూడొచ్చు. మా అమ్మ "అడగరా బాబూ" అన్నప్పుడు ఎదిరిస్తూనే చూసింది.

మీ అబ్బాయి సీరియల్ కంటే ఫోనే ఎక్కువ చూస్తాడు. 2025లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'అడొలసెన్స్' వీలైతే మీరు ముందు చూడండి. నాలుగే ఎపిసోడ్లు, ఒక్కొక్కటి ఒకే షాటులో తీశారు. తోటి విద్యార్థినిని చంపాడని పదమూడేళ్ళ కుర్రాణ్ణి అరెస్టు చేస్తారు. చివర్లో ప్లంబరు పని చేసే ఆ తండ్రి, కొడుకు మంచం మీద పడి ఏడుస్తాడు. అది చూసి మా క్లాసులో ఒక అబ్బాయి బయటికి వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చి, "మా నాన్న ఏడవడం నేను ఎప్పుడూ చూళ్ళేదు మేడమ్" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంట్లో మాట్లాడమన్నాను.

ప్రాజెక్టు చేయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒకే సీరియల్ తీసుకోండి, వరసగా ఆరు ఎపిసోడ్లు. మగవాడు ఎన్ని ప్రశ్నలు అడిగాడో, ఎన్నిసార్లు జవాబు వినకుండా వెళ్ళిపోయాడో రాసుకోండి. వంటింట్లోకి వచ్చాడా, వస్తే ఎందుకు? డ్రైవరు, వాచ్‌మన్, వంటమనిషి లాంటి మగవాళ్ళకు ఎన్ని మాటలు దక్కాయి? ఒకసారి శబ్దం తీసేసి చూడండి, ఇంకోసారి తెరకు వీపు పెట్టి వినండి. సిద్ధాంతం తర్వాత చదవండి. ముందే చదివితే కానెల్ చెప్పిన నాలుగు డబ్బాల్లో పాత్రల్ని సర్దేసి పని అయిపోయిందనుకుంటారు.

మీ నాన్నగారు ఇప్పుడూ పేపరు వెనకనుంచే చూస్తారా?

లేదు. గ్లాకోమా వల్ల అమ్మకు చూపు బాగా తగ్గింది. మాటలు వినబడితే కథ తెలుస్తుంది గానీ, హీరో ఏమీ మాట్లాడకుండా నిలబడిన చోట ఆమెకు ఏమీ తెలియదు. అందుకని నాన్న పేపరు పక్కన పెట్టి, టీవీ దగ్గరగా కుర్చీ లాక్కుని, చూసింది చూసినట్టు చెబుతారు. "గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆ అమ్మాయి వైపు చూశాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, తుడుచుకోలేదు."

"అడిగాడా?" అంటుంది అమ్మ.

"లేదు. ఇంకా అడగలేదు."